స్కల్ వ్యాలీలో వేయని రైలు లైను: అభ్యంతరం పట్టాల మీదా, వాటి మీద వచ్చే సరుకు మీదా?

ఉప్పుమైదానం (ప్రశ్న):

అందరికీ నమస్తే. మేం యూటాలో సాల్ట్ లేక్ సిటీకి దక్షిణంగా లీహైలో ఉంటాం. పోయిన నెల అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. నాన్న రైల్వేలో ట్రాక్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ భాగం కాజీపేట చుట్టుపక్కలే. బాన్‌విల్ ఉప్పు మైదానాలు చూపిద్దామని ఐ-80 మీద పడమటికి తీసుకెళ్లి, వచ్చేటప్పుడు టింపీ దగ్గర హైవే దిగి స్కల్ వ్యాలీ రోడ్డు పట్టుకున్నాం. తూర్పున స్టాన్స్‌బరీ కొండలు, పడమట సీడర్ కొండలు, మధ్యలో కనుచూపు మేర ఎండిన గడ్డీ బూడిద రంగు పొదలూ. అరగంటలో ఎదురొచ్చిన బళ్లు నాలుగు దాటవు. నాన్న కారు ఆపించి దిగి, రోడ్డు పక్కన నిలబడి అటూ ఇటూ చూసి, “బ్రిడ్జి అక్కర్లేదు, టన్నెల్ అక్కర్లేదు, కట్ట పోసి కంకర పరిస్తే లైను పడిపోతుంది. ఇంత చదునైన నేలకి పట్టాలు ఎందుకు వేయలేదురా?” అన్నారు.

ఆ రాత్రి వెతికితే తెలిసింది, నిజంగానే ఇక్కడ ఒక లైను వేద్దామనుకున్నారట. ఎనిమిది కరెంటు కంపెనీలు కలిసి ప్రైవేట్ ఫ్యూయల్ స్టోరేజ్ అని ఒక సంస్థ పెట్టుకుని, తమ రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని తెచ్చి ఈ లోయలో గోష్యూట్ అనే మూలవాసుల తెగ రిజర్వేషన్‌లో (వాళ్లకి కేటాయించిన నేలలో) 820 ఎకరాల్లో దాచుకుంటామని 1997లో లైసెన్సుకి అప్లై చేశాయి. మొత్తం 40,000 టన్నులు, 4,000 కాస్క్‌లు (ఆ ఇంధనం దాచే భారీ పీపాలు). వాటిని తేవడానికి హైవే పక్కనే ఉన్న ‘లో’ అనే జంక్షన్ నుంచి సీడర్ కొండల అంచు వెంబడి 32 మైళ్ల కొత్త లైను. నాన్నకి చెబితే “అంటే కాజీపేట నుంచి జనగామ కొంచెం దాటినంత దూరం, అంతేగా” అన్నారు.

నాకు అర్థం కాని విషయం ఇది. ఆ లైను మీద వచ్చిన అభ్యంతరాలు చదువుతుంటే రేడియేషన్ గురించి ఎంత ఉందో గడ్డి గురించి, అడవి గుర్రాల గురించి, కొండ అంచున మనుషులు ముట్టుకోని నేల గురించి కూడా అంత ఉంది. చివరికి లైనుని ఆపింది కూడా ఆ కొండల్ని వైల్డర్‌నెస్‌గా, అంటే రోడ్లూ కట్టడాలూ కూడని రక్షిత నేలగా ప్రకటించిన చట్టమే అని చదివాను. ఇవి మనస్ఫూర్తిగా పెట్టిన అభ్యంతరాలేనా? లేక అణు వ్యర్థం రాకుండా ఆపడానికి దొరికిన సాకులా? నేను ఇక్కడే ఇల్లు కొనుక్కున్నాను, పిల్లలు ఇక్కడే పెరుగుతున్నారు, అందుకే తెలుసుకోవాలని ఉంది. లోయ గురించి తెలిసినవాళ్లు, అణు రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి.


కొండదారి:

నేను యూటాకి వచ్చి 19 ఏళ్లు. ఆ లోయలో, సీడర్ కొండల్లో చాలాసార్లు నడిచాను కాబట్టి ముందు నేల గురించి చెప్తాను, తర్వాత కోర్టుల సంగతి.

మీరు చూసిన ఎండిన గడ్డిలో చాలా భాగం చీట్‌గ్రాస్. ఇది ఇక్కడి గడ్డి కాదు, యూరప్, ఆసియా నుంచి వచ్చి పడింది. మార్చి, ఏప్రిల్‌లో పచ్చగా లేస్తుంది, జూన్‌కల్లా గోధుమ రంగుకి తిరిగి కాగితంలా ఎండిపోతుంది. ఆ లోయలో ఒక్క ఫర్లాంగు నడిచి సాక్సులు చూసుకోండి, సన్నటి ముళ్లలాంటి గింజలు అల్లికలోకి దూరి ఉంటాయి, ఒక్కోటీ లాగి తీయాల్సిందే, ఉతికినా పోవు. అది ఎండాక ఒక్క నిప్పురవ్వ చాలు. రైలు చక్రాల బ్రేకుల దగ్గర నుంచి రవ్వలు లేస్తాయని మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. పైగా ఒకసారి కాలిన చోట సేజ్ పొద మళ్లీ రావడానికి దశాబ్దాలు పడుతుంది, చీట్‌గ్రాస్ మాత్రం మరుసటి వసంతానికే వచ్చేస్తుంది, వచ్చి ఇంకా దట్టంగా పెరుగుతుంది, అది మళ్లీ కాలుతుంది. అందుకని లైను వల్ల మంటలు పెరుగుతాయి అన్న అభ్యంతరాన్ని సాకు అని కొట్టిపారేయలేం. ఈ ఎడారిలో పొదల నేల తగ్గిపోతున్నదే ఆ దారిన.

రెండోది జంతువులు. సీడర్ కొండల్లో అడవి గుర్రాల మంద ఉంది, ప్రభుత్వ భూముల శాఖే దాని లెక్క చూస్తుంది. అవి కొండ మీద నుంచి లోయలో నీటి ఊటల దగ్గరికి దిగి వస్తుంటాయి. ప్రాంగ్‌హార్న్ అని మన కృష్ణజింకలాంటి జంతువు కూడా ఉంది. ఉత్తర అమెరికాలో దాని అంత వేగంగా పరుగెత్తేది ఇంకోటి లేదు, కానీ కంచె దూకదు. కింద తీగ ఎత్తుగా ఉంటే పొట్ట నేలకి ఆనించి దూరిపోతుంది, లేదంటే కంచె వెంబడే మైళ్లకొద్దీ నడుస్తుంది. నేనొకసారి అయిదు ప్రాంగ్‌హార్న్‌లు కంచె దగ్గర ఆగిపోయి, ఒకదాని వెనక ఒకటి కింది తీగని ముక్కుతో తోస్తూ సందు కోసం వెతకడం చూశాను, నా కళ్ల ముందు దాదాపు ఇరవై నిమిషాలు. కొండకీ నీళ్లకీ మధ్య 32 మైళ్ల కట్ట పోస్తే ఏమవుతుందో అప్పుడు అర్థమైంది.

ఇక వైల్డర్‌నెస్ మాట. సదరన్ యూటా వైల్డర్‌నెస్ అలయన్స్ అనే సంస్థ లైసెన్సు విచారణలో చేరి లేవనెత్తిన విషయం చాలా చిన్నది, చాలా స్పష్టమైనది. ఉత్తర సీడర్ కొండల కింద ఇంతవరకూ రోడ్డు పడని నేల ఉంది, మీ లైను దాని అంచుని కోసుకుంటూ వెళ్తుంది, ఒకసారి పట్టాలు పడితే 1964 చట్టం ప్రకారం ఆ ముక్క ఎప్పటికీ వైల్డర్‌నెస్ కాలేదు, లైనుని కొంచెం తూర్పుకి జరిపితే సరిపోతుంది కదా, ఆ సంగతి ఎందుకు చూడలేదు అని. వాళ్లు ఆ విచారణలో అడిగింది ఇదే. విచారణ జరిపిన లైసెన్సింగ్ బోర్డు విన్నది, చివరికి ఒప్పుకోలేదు.

కాబట్టి మీరు చదివినదానికి ఒక చిన్న చేర్పు. పర్యావరణ సంస్థ పెట్టిన అభ్యంతరం విచారణలో ఓడిపోయింది. లైనుని ఆపిన చట్టం వచ్చిన దారి వేరే. రాష్ట్ర ప్రభుత్వం మొదటి నుంచీ అన్ని దారుల్లో పోరాడింది, తెచ్చిన రాష్ట్ర చట్టాల్ని ఫెడరల్ కోర్టులు కొట్టేశాయి. హిల్ ఎయిర్‌ఫోర్స్ బేస్ నుంచి ఎఫ్-16 విమానాలు అప్పట్లో ఏటా వేల సార్లు ఆ లోయ మీదుగా వెళ్లేవి, ఒకటి కాస్క్‌ల మీద కూలితే ఏంటి అన్న వాదనని 2003లో బోర్డు ఒప్పుకుంది, 2005లో మళ్లీ కంపెనీ వైపు తిరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో అణు నియంత్రణ కమిషన్ లైసెన్సుకి పచ్చజెండా ఊపింది, 2006 ఫిబ్రవరిలో లైసెన్సు చేతికిచ్చింది. కానీ అంతకు నెలన్నర ముందే, 2006 జనవరి 6న, రక్షణ బడ్జెట్ చట్టంలో ఒక భాగంగా సీడర్ కొండల్లో సుమారు లక్ష ఎకరాలు వైల్డర్‌నెస్ అయిపోయాయి. ఆ లైను వెళ్లాల్సిన నేల కూడా అందులో పడింది.

దాన్ని ముందుకు నడిపించినవాళ్లు యూటా కాంగ్రెస్ సభ్యులు, ముఖ్యంగా రాబ్ బిషప్. మామూలుగా కొత్త వైల్డర్‌నెస్ అంటే వ్యతిరేకించే నాయకులు వాళ్లు. పర్యావరణవాళ్లు ఏళ్ల తరబడి అడిగినా దొరకనిది, అణు ఇంధనం రైలెక్కి వస్తుందనేసరికి దొరికింది. అందుకే మీ ప్రశ్నకి నా జవాబు: అభ్యంతరం పెట్టినవాళ్లకి అది మనస్ఫూర్తి. దాన్ని చట్టం చేసినవాళ్లకి అది ఆయుధం. నేల మాత్రం మిగిలింది, దానికి నాకు సంతోషమే. ఆ కొండల్లో నడిచిన ప్రతిసారీ ఆ సంతోషం ఉంటుంది.


జిర్కలాయ్:

నేను అమెరికాలో అణు ఇంధనం రంగంలో పనిచేస్తున్నాను, 14 ఏళ్లుగా. పైన రాసినవారి మీద గౌరవంతోనే కొంచెం గట్టిగా విభేదిస్తాను.

ముందు ఆ రైల్లో వచ్చేదేంటో చెప్పాలి, ఎందుకంటే చాలామంది పచ్చటి ద్రవం నిండిన డ్రమ్ములు ఊహించుకుంటారు. అది ద్రవం కాదు. చిటికెన వేలి కొసంత ఉండే యురేనియం ఆక్సైడ్ బిళ్లలు, పింగాణీలా గట్టిగా ఉంటాయి, వాటిని జిర్కోనియం గొట్టాల్లో పేరుస్తారు (మన హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ అనే అణు ఇంధన కర్మాగారంలో తయారయ్యేదీ ఈ పద్ధతిలోనే, మన రియాక్టర్లకి సరిపోయే సైజులో). రియాక్టర్ నుంచి తీశాక ఏళ్ల తరబడి నీటి కొలనులో చల్లారనిచ్చి, ఆ తర్వాత స్టీలు డబ్బాలో పెట్టి మూత వెల్డింగ్ చేసి, దాన్ని మళ్లీ రవాణా కాస్క్‌లో దింపుతారు. అంతా కలిపి వంద టన్నులు దాటుతుంది. అందుకే రైలు. ఆ కాస్క్ డిజైన్ 9 మీటర్ల ఎత్తు నుంచి కదలని గట్టి నేల మీద పడినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. బండికి 2 మీటర్ల దూరంలో రేడియేషన్ డోసు గంటకి 0.1 మిల్లీసీవర్ట్ (డోసు కొలిచే యూనిట్) మించకూడదు. అమెరికాలో ఒక మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి సుమారు 3 మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. అంటే ఆ దూరంలో నిలబడితే ఒక్క రోజు దాటగానే అంత డోసు అందుతుంది, కాబట్టి దాని పక్కన ఎవరూ కాపురం ఉండరు, కానీ లెవెల్ క్రాసింగ్ దగ్గర రైలు వెళ్లేదాకా ఆగిన మనిషికి భయపడాల్సినంత ఏమీ ఉండదు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. 2001 జులైలో బాల్టిమోర్‌లో ఒక రైల్వే సొరంగంలో గూడ్స్ బండి తగలబడి రోజుల తరబడి కాలింది. అరగంట పరీక్ష సరిపోతుందా అని అందరూ అడిగారు, అడగాల్సిందే, దాని మీద నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా లెక్కలు వేయాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. లైను ఆగిపోతే ఆ ఇంధనం మాయమైపోదు. ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వం 1998 జనవరి 31 నుంచి దాన్ని తీసుకోవడం మొదలుపెడతానని కంపెనీలతో ఒప్పందం రాసుకుంది, ఇప్పటికీ తీసుకోలేదు, ఆ మాట తప్పినందుకు వెయ్యి కోట్ల డాలర్లకి పైగా పరిహారం కట్టింది. దేశం మొత్తం మీద 90,000 టన్నుల దాకా 70కి పైగా చోట్ల పడి ఉంది, చాలావరకూ నదుల ఒడ్డున, సరస్సుల పక్కన, సముద్రం అంచున.

అందులో ఒక చోటు ప్రెయిరీ ఐలాండ్, మిన్నెసోటాలో మిసిసిపీ నది మధ్య లంక. అక్కడి ప్లాంటు కంపెనీయే ఈ స్కల్ వ్యాలీ ప్రాజెక్టులో ముందు నిలబడింది. ఎందుకంటే 1994లో ఆ రాష్ట్ర శాసనసభ మీరు 17 కాస్క్‌ల కంటే ఎక్కువ పెట్టకూడదని గీత గీసింది. అలా ఎందుకు గీసిందంటే ఆ లంక మీదే ఇంకో మూలవాసుల ఊరు ఉంది, డకోటా తెగవాళ్లది. వాళ్ల ఇళ్ల నుంచి చూస్తే కాస్క్‌లు కనిపిస్తాయి. వాళ్లు రియాక్టర్ అడగలేదు, కాస్క్‌లు అడగలేదు. స్కల్ వ్యాలీ రైలు ఆగిన రోజు యూటాలో పండగ చేసుకున్నారు. ఆ లంక మీద వాళ్లకి మాత్రం ఆ రోజు ఏమీ మారలేదు, తర్వాత ఆ పరిమితి కూడా సడలించారు, కాస్క్‌ల సంఖ్య పెరిగింది. ప్రాంగ్‌హార్న్ గురించి నేను కూడా బాధపడతాను. కానీ 32 మైళ్ల గడ్డి నేల పోతుందన్న లెక్క వేసినవాళ్లు, ఆ లంకనీ అదే కాగితం మీద రాయాలి కదా?

ఇంకోటి. రైలు వద్దంటే కంపెనీ దగ్గర రెండో ప్లాన్ సిద్ధంగా ఉండేది: టింపీ దగ్గర కాస్క్‌ని దింపి, భారీ లారీల మీద మీరు కారులో వెళ్లిన ఆ రెండు వరసల రోడ్డు మీదే తీసుకెళ్లడం. పట్టాల మీద అభ్యంతరం నెగ్గితే వచ్చేది లారీ. పర్యావరణం వైపు నుంచి చూసినా అది మెరుగైన దారి అని నేను అనుకోను.


ఉప్పుమైదానం:

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ థాంక్స్. ప్రెయిరీ ఐలాండ్ సంగతి నాకు అసలు తెలియదు, చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఒక సందేహం. గోష్యూట్ తెగవాళ్లు ఏమనుకున్నారు? భూమి వాళ్లది కదా. ఈ అభ్యంతరాలన్నిట్లో వాళ్ల గొంతు నాకు సరిగ్గా దొరకలేదు.


కొండదారి:

దొరకదు, ఎందుకంటే ఒక గొంతు కాదు. అప్పట్లో ఆ తెగలో మొత్తం 120 మంది పైన, రిజర్వేషన్‌లో నివసించేది పాతిక ముప్ఫై మంది. వాళ్ల నాయకుడు లియాన్ బేర్ కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఆయన వాదన తేలిగ్గా తీసేసేది కాదు. లోయకి దక్షిణాన డగ్‌వేలో సైన్యం రసాయన ఆయుధాలు పరీక్షించేది, 1968 మార్చిలో అక్కడ నరాల విషం ప్రయోగం చేశాక ఈ లోయలోనే దాదాపు 6,000 గొర్రెలు చచ్చాయి. ఉత్తరాన సరస్సు ఒడ్డున మెగ్నీషియం ఫ్యాక్టరీ. పడమట క్లైవ్‌లో రేడియోధార్మిక చెత్త డంపు. ఇవన్నీ మా చుట్టూ పెట్టినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఇప్పుడు మా నేల మీద మేం డబ్బు వచ్చే పని పెట్టుకుంటామంటే మాత్రం అందరికీ పర్యావరణం గుర్తొచ్చిందా అన్నది వాళ్ల మాట.

అదే తెగలో మార్జీన్ బుల్‌క్రీక్ అనే ఆవిడ రిజర్వేషన్‌లోనే ఉంటూ మొదటి నుంచీ ఎదిరించింది. ఆవిడకి అది మంటల లెక్కా కాదు, వైల్డర్‌నెస్ చట్టమూ కాదు. తమ పెద్దలు మిగిల్చిన నేల, దాన్ని అమ్ముకోవడానికి వీల్లేదు. ఒక్క ఊరు, అందరూ బంధువులు, రెండు వర్గాలై ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు.

2006 సెప్టెంబరులో ఇంటీరియర్ శాఖ ఒకేరోజు రెండు పనులు చేసింది, తెగ ఇచ్చిన లీజుని కొట్టేసింది, ప్రభుత్వ భూమి మీద రవాణాకి దారి ఇవ్వనంది. 2010లో ఒక ఫెడరల్ జడ్జి ఆ రెండు నిర్ణయాలూ సరిగ్గా కారణాలు చూపించి చేసినవి కావు, మళ్లీ చూడమన్నాడు. అప్పటికే పెద్ద భాగస్వాములు డబ్బు ఆపేశారు. 2012 డిసెంబరులో కంపెనీ లైసెన్సు రద్దు చేయమని తనే రాసింది. తెగకి రావాల్సిన డబ్బు రాలేదు, చుట్టూ ఉన్న డంపులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

జిర్కలాయ్ గారూ, మీ ప్రెయిరీ ఐలాండ్ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను లోయ వైపు నుంచే చూశాను, ఆ లంక వైపు నుంచి చూడలేదు. అయితే పట్టాలు కొంచెం తూర్పుకి జరపండి అన్న చిన్న కోరికని కూడా కంపెనీ పట్టించుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అది చేసి ఉంటే కనీసం ఆ ఒక్క అభ్యంతరమైనా ఉండేది కాదు.


నెవాడా_నుంచి:

లాస్ వేగస్ నుంచి రాస్తున్నాను. మా దగ్గర ఇదే కథ పది రెట్లు పెద్దది. దేశం మొత్తం వ్యర్థాన్ని పాతిపెట్టడానికి యుక్కా మౌంటెన్ ఒక్కదాన్నే పరిశీలించాలని 1987లో కాంగ్రెస్ తేల్చింది, కానీ ఆ కొండ దగ్గరికి రైలు లైనే లేదు. 2004లో ఇంధన శాఖ కాలియంటే ఊరి నుంచి లైను వేస్తామంది, 300 మైళ్లకు పైనే. మధ్యలో వేగస్ రాకుండా, సైన్యం బాంబుల రేంజి తగలకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్లాలి కాబట్టి అంత పొడవు. అంటే ఒకదాని తర్వాత ఒకటి కొండల వరసలు, వాటి మధ్య లోయలు దాటుకుంటూ.

పశువుల పెంపకందార్ల అభ్యంతరం నేనొక బహిరంగ సమావేశంలో విన్నాను. ఒక పెద్దాయన మ్యాపు మీద వేలు పెట్టి, ఇదిగో నా బావి, ఇదిగో నా పశువులు వేసవిలో మేసే చోటు, మధ్యలో మీ గీత, రోజూ ఆవుల్ని రైలు కట్ట మీదుగా నీళ్లకి ఎలా తోలమంటారు చెప్పండి అన్నాడు. అధికారి కిందనుంచి దారి పెడతామన్నాడు. “ఎన్ని?” అన్నాడు పెద్దాయన. జవాబు రాలేదు. ఈ ఎడారిలో నీళ్లు ఒక్క చోట ఉంటాయి, గడ్డి ఇంకో చోట ఉంటుంది. ఎవరు గీత గీసినా ఆ రెంటి మధ్యే పడుతుంది.

పడమట నుంచి ఇంకో దారి కూడా చూశారు, వాకర్ రివర్ పాయూట్ తెగ రిజర్వేషన్ మీదుగా. తెగ ముందు సర్వేకి ఒప్పుకుంది, 2007లో వెనక్కి తగ్గింది. ఆ దారి అక్కడితో సరి. కాలియంటేలో ఉద్యోగాలొస్తాయని లైను కోరుకున్నవాళ్లు కూడా ఉన్నారు, అది దాచకూడదు. తర్వాత యుక్కాకే డబ్బులు ఆగిపోయాయి. 2015లో ఒబామా ఆ దారిలోని గార్డెన్ వ్యాలీతో కలిపి 7 లక్షల ఎకరాలు జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. మీ సీడర్ కొండల్లాగే, నేలని కాపాడే ప్రకటన పట్టాలకి అడ్డంగా పడింది.


ఎల్బేతీరం:

జర్మనీ నుంచి ఒక చిన్న మాట. నేను హాంబర్గ్‌లో చదువుకుని ఇక్కడే ఉండిపోయాను. గోర్లేబెన్ అనే ఊరికి ఫ్రాన్స్ నుంచి అణు వ్యర్థం రైల్లో వచ్చేది, డానెన్‌బెర్గ్ దాకా పట్టాలు, అక్కడి నుంచి 20 కిలోమీటర్లు లారీ. 2011 నవంబరులో ఆఖరి బండి వచ్చింది, ఫ్రాన్స్‌లో బయల్దేరి ఇక్కడికి చేరడానికి అయిదు రోజులు పైనే పట్టింది. జనం పట్టాల మీద కూర్చున్నారు, కొందరు కంకర తీసేశారు, కొందరు చేతులు కాంక్రీటు దిమ్మలో బిగించుకుని పట్టాలకి కట్టేసుకున్నారు. ఇప్పటికీ ఆ పల్లెల్లో ఇళ్ల ముందు పసుపు రంగు చెక్క ‘ఎక్స్’ గుర్తులు నిలబెట్టి ఉంటాయి, ట్రాక్టర్ షెడ్ల గోడలకి ఆనించి, రంగు వెలిసిపోయి.

జిర్కలాయ్ గారు రాసిన డోసు లెక్కలు నిజమే అయ్యుండొచ్చు. కానీ ఇక్కడ నమ్మకం పోయింది లెక్కల వల్ల కాదు. 1998లో, కాస్క్‌ల బయటి వైపు అనుమతించినదానికంటే ఎక్కువ రేడియోధార్మిక మలినం అంటుకుని ఉందని, కంపెనీలకి ఆ సంగతి ఏళ్లుగా తెలుసనీ బయటపడింది. అప్పటి పర్యావరణ మంత్రి మెర్కెల్ రవాణా మొత్తం ఆపేసింది, మళ్లీ మొదలైంది 2001లో. మనుషులకి దానివల్ల ఏమీ జరగలేదన్నారు, నిజంగా జరగలేదు కూడా. కానీ చెప్పలేదు కదా. పట్టాల పక్కన ఇల్లున్నవాడికి ఆ “చెప్పలేదు” అన్నదే చాలు, ఆ తర్వాత ఏ పట్టిక చూపించినా చూడడు.


అమ్రాబాద్_బిడ్డ:

మాది నాగర్‌కర్నూల్ జిల్లా. ఇదంతా చదువుతుంటే 2019 గుర్తొచ్చింది. అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేసి చూస్తామన్నప్పుడు, “తవ్వడం కాదు, చూడడమే” అన్నారు. కానీ బోరు వేసే మిషను అడవిలోకి రావాలంటే దారి కావాలి, దారి కోసం చెట్లు కొట్టాలి. చెంచుల పెంటల్లో (గూడేల్లో) వాళ్ల భయం యురేనియం కంటే ముందు ఆ దారి మీదే. దారి పడితే ఇంక ఎవరెవరు వస్తారో చెప్పలేం అన్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. అందుకే “గడ్డి కోసం అభ్యంతరం పెట్టారా” అని మీరు ఆశ్చర్యపోతే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. అక్కడ ఉండేవాళ్లకి ముందు కనిపించేది దారే.


జిర్కలాయ్:

ఎల్బేతీరం గారు చెప్పిన 1998 విషయం నిజం. మా రంగంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన తప్పు. కొండదారి గారూ, లైనుని తూర్పుకి జరపమన్న కోరిక గురించి మీరన్నది కూడా ఒప్పుకుంటున్నాను. పని తొందరలో చిన్న కోరికలు వినకపోవడం, తర్వాత పెద్ద గోడ తగలడం నేను నా ఉద్యోగంలోనూ చూశాను. అయినా నా మాట మార్చుకోను: వాడేసిన ఇంధనం నది మధ్య లంక మీద ఉండటం కంటే ఎడారిలో ఉండటం మేలు, అది అక్కడికి చేరాలంటే రైలే మేలు. 2025 జూన్‌లో, టెక్సాస్ కేసులో, ఇలాంటి ప్రైవేటు నిల్వకి కమిషన్ ఇచ్చిన లైసెన్సుని కొట్టేసిన కింది కోర్టు తీర్పుని సుప్రీంకోర్టు రద్దు చేసింది. అంటే ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది, ఇంకో లోయలో, ఇంకో 30 మైళ్ల పట్టాల దగ్గర. ఈసారైనా మ్యాపు మీద గీత గీయకముందు బావులు ఎక్కడున్నాయో, గుర్రాలు ఎటు నడుస్తాయో అడగాలని నా కోరిక.


ఉప్పుమైదానం:

అందరి జవాబులూ నిన్న రాత్రి నాన్నకి చదివి వినిపించాను. చీట్‌గ్రాస్ దగ్గర ఆపమన్నారు. ఎండాకాలం వచ్చే ముందు పట్టాల పక్క గడ్డి కోయించడం తమకీ ఒక పెద్ద పనేనట. ఒక ఏప్రిల్‌లో గడ్డి కోత ఆలస్యమై, గూడ్స్ బండి బ్రేకు పట్టేసిన చోట గడ్డి అంటుకుని పక్కనున్న రైతు గడ్డివాము దాకా వెళ్లిందని, తను ఇద్దరు గ్యాంగ్‌మెన్‌తో కలిసి తడిపిన గోనెసంచులతో కొట్టి ఆర్పామని చెప్పారు. ఈ సంగతి ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత “32 మైళ్లు, ఆ గడ్డిలో, ఎంతమంది గ్యాంగ్ పెడతామన్నారు?” అని అడిగారు. కొండదారి గారూ, ఆ కాగితాల్లో దాని గురించి ఏమైనా ఉందా?

ఇంకోటి, వాళ్లు తిరిగి వెళ్లేలోపు ఆ గుర్రాల్ని చూపించాలని ఉంది. 67 ఏళ్ల మనిషి నడవగలిగే దారి ఏదైనా ఉందా?


కొండదారి:

మంటల విషయం పర్యావరణ నివేదికలో ఉంది, లైను పొడవునా గడ్డి లేకుండా ఖాళీ నేల పట్టీ ఉంచుతామన్నారు. అయితే ఆ పట్టీకి కూడా నేల పోతుంది, అక్కడ మళ్లీ ముందు మొలిచేది చీట్‌గ్రాసే. గ్యాంగ్ లెక్క మీ నాన్నగారు అడిగినంత సూటిగా ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

గుర్రాల కోసం నడక అక్కర్లేదు. 1846లో కాలిఫోర్నియాకి వలసపోతున్న డోనర్ బృందం బండ్లు సీడర్ కొండల్ని దాటిన హేస్టింగ్స్ కనుమ వైపు మట్టి రోడ్డు ఉంది, పొడి నేల ఉన్న రోజు చూసుకుని పెద్ద టైర్ల బండిలో వెళ్లండి, వానొస్తే ఆ మట్టి జిగురవుతుంది, వెళ్లొద్దు. సెల్ సిగ్నల్ ఉండదు, నీళ్లు ఎక్కువ పెట్టుకోండి. తెల్లవారిన గంటలోపు గాని, పొద్దు వాలాక గాని ఊటల దగ్గరికి దిగుతాయి. దూరంగా ఆపి కారులోనే ఉండండి, మీరు దిగితే అవి వెళ్లిపోతాయి. నాన్నగారికి పొడుగు సాక్సులు వద్దు, ఆ గింజలు తీయలేక చస్తారు, నున్నటి ప్యాంటు, బూట్లు చాలు. ఈ శనివారం నేనూ ఖాళీ, కావాలంటే మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.